"అనుకుంటా"ను ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలి? నమ్మకం, ఊహ, అనుమానం చెప్పే వాక్యాలకు సమగ్ర మార్గదర్శి

"రేపు బ్యాంకుకు సెలవు..." అని ఎవరైనా మొదలుపెడితే మనం వాక్యం పూర్తయ్యేదాకా ఆగాలి. చివర్లో "అనుకుంటా" అని తగిలిస్తే అది ఊహ. "అంట" అంటే ఎవరో చెప్పిన కబురు. "ఏమో" అంటే సందేహం. ఏదీ లేకుండా ఆపేస్తే ఖాయమైన మాట. చెప్పేవాడికి తన మాట మీద ఎంత నమ్మకముందో తెలుగులో తేలేది వాక్యం కొసన. ఇంగ్లీషువాళ్లు ఆ లెక్క ముందే తేల్చేస్తారు: "ఐ థింక్ ద బ్యాంక్ ఈజ్ క్లోజ్డ్ టుమారో."

అయితే వరస తిరగేస్తే చాలు కదా అనిపిస్తుంది. చాలా వాక్యాలకు చాలుతుంది కూడా. చిక్కొచ్చే చోట మాత్రం తప్పు వరసది కాదు, "అని" అనే చిన్నమాటది. "అను" క్రియ నుంచే పుట్టిన ఈ "అని", మనసులో మెదిలిన మాటను ఉన్నదున్నట్టు తెచ్చి వాక్యంలో పెడుతుంది. అనుకున్నవాడి బుర్రలో అది ఏ కాలంలో ఉందో, "నేను" అని ఉందో "వాడు" అని ఉందో, ప్రశ్నగా ఉందో మామూలుగా ఉందో అలాగే వదిలేస్తుంది. ఇంగ్లీషు "దట్" అలా వదలదు. లోపలి వాక్యాన్ని చెప్పేవాడు ఇప్పుడు నిలబడ్డ చోటు నుంచి మళ్లీ కొలిచి పెడుతుంది. కింద మెట్లు మెట్లుగా చెప్పేదాంట్లో సగానికి మూలం ఈ ఒక్క తేడానే.

మొదటి మెట్టు: ముందు నమ్మకం, తర్వాత సంగతి

తెలుగు వాక్యం చివరి క్రియ తీసి ముందు పెట్టండి. "ఆయన రిటైరయ్యారనుకుంటా" అన్నదాంట్లో చివరిది "అనుకుంటా". అంటే "ఐ థింక్". ఆ తర్వాత మిగిలిన వాక్యం పూర్తిగా, కర్తతో సహా: "హి హాజ్ రిటైర్డ్." రెండూ కలిపితే "ఐ థింక్ హి హాజ్ రిటైర్డ్."

మధ్యలో "దట్" పెట్టాలా వద్దా? బళ్లో నేర్పిన వాక్యాల్లో ఎప్పుడూ ఉండేది కాబట్టి లేకపోతే తప్పేమోనని మనకు జంకు. మామూలు మాటల్లో "థింక్, గెస్, సపోజ్, హోప్, నో" తర్వాత "దట్" లేకపోవడమే ఎక్కువ. "ఐ థింక్ దట్ యు ఆర్ రైట్" తప్పు కాదు, కాని ఆఫీసు ఉత్తరం చదువుతున్నట్టు ఉంటుంది. ఉంచాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. "కన్‌క్లూడ్, మెయిన్‌టెయిన్" లాంటి బరువైన క్రియల తర్వాత ఉంచండి. "బిలీఫ్, హోప్" నామవాచకాలుగా వచ్చినప్పుడు ఉంచండి: "ద బిలీఫ్ దట్ గోల్డ్ ఈజ్ సేఫ్." రెండు సంగతులు "అండ్"తో కలిపితే రెండోదానికైనా ఉంచండి: "ఐ థింక్ హి ఈజ్ ఆనెస్ట్ అండ్ దట్ హి విల్ పే." అసలు గందరగోళం వచ్చేది ఎప్పుడన్న మాట మధ్యలో పడ్డప్పుడు. "ఐ థాట్ ఎస్టర్‌డే హి లుక్డ్ ఇల్" అంటే నిన్న అనుకున్నానా, నిన్న అతను నీరసంగా కనిపించాడా? "దట్"ను "ఎస్టర్‌డే"కి ముందు పెడితే ఒక అర్థం, తర్వాత పెడితే ఇంకో అర్థం. ఇలాంటి చోట అది ఉండి తీరాలి.

పలకడం గురించి ఒక్కమాట. "అది, ఆ" అనే అర్థంలో వచ్చే "దట్"ను ఒత్తి పలుకుతారు. వాక్యాన్ని కలిపే "దట్"ను వినీ వినపడనట్టు దాటేస్తారు. మనవాళ్లు రెండోదాన్ని కూడా గట్టిగా పలికి, అక్కడ ఊపిరి తీసుకుని, రాసేటప్పుడు ఆ ఊపిరి ఉన్నచోట కామా పెడతారు: "ఐ బిలీవ్ దట్, ద ప్రాజెక్ట్..." ఈ కామా ఎప్పుడూ తప్పే. ఆగాలనుకుంటే "దట్"కు ముందు ఆగండి, తర్వాత కాదు. (మధ్యలో ఇంకో విడి మాట దూర్చితే దాని రెండువైపులా కామాలు పెట్టడం వేరే సంగతి.)

తెలుగు వరసే కావాలనుకునేవాళ్లకు ఒక సందు ఉంది. సంగతంతా చెప్పేసి చివర్లో "ఐ థింక్" తగిలించొచ్చు: "హి హాజ్ రిటైర్డ్, ఐ థింక్." అచ్చం మన "అనుకుంటా" లాగే, చెప్పాక కాస్త మెత్తబరచడానికి. అప్పుడు "దట్" ఎక్కడా రాదు.

రెండో మెట్టు: కాలాన్ని మళ్లీ కొలవండి

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. నెమ్మదిగా చూద్దాం.

"ఆయన డాక్టరనుకున్నాను." నేను అనుకున్న క్షణంలో నా బుర్రలో ఉన్న వాక్యం "ఈయన డాక్టరు". వర్తమానం. తెలుగు దాన్ని అలాగే ఉంచుతుంది. ఇంగ్లీషు ఒప్పుకోదు. అనుకోవడం జరిగిపోయింది కాబట్టి అనుకున్నది కూడా వెనక్కి జరగాలి: "ఐ థాట్ హి వాజ్ ఎ డాక్టర్." ఇక్కడ "వాజ్" అన్నంత మాత్రాన ఒకప్పుడు డాక్టరు, ఇప్పుడు కాదు అని అర్థం కాదు.

"వస్తాడనుకున్నాను" అంటే "ఐ థాట్ హి వుడ్ కమ్." "వచ్చాడనుకున్నాను" అంటే "ఐ థాట్ హి హ్యాడ్ కమ్." ఈ మూడూ వచ్చేస్తే పని ముప్పాతిక అయినట్టే. మనవాళ్ల నోట తరచు వినిపించేది "ఐ థాట్ హి విల్ కమ్." తెలుగు కాలం ఇంగ్లీషు వాక్యంలోకి అలాగే నడిచొచ్చేసింది.

తెలుగు దాచిపెట్టే తిరకాసు ఇంకొకటి ఉంది. మన "తింటాడు" భవిష్యత్తుకీ వాడుకకీ ఒకే రూపం. "వాడు మాంసం తింటాడనుకున్నాను" అంటే అలవాటుందనుకున్నానా, ఈ పూట తింటాడనుకున్నానా? వినేవాడు సందర్భాన్ని బట్టి పట్టుకుంటాడు. ఇంగ్లీషులో ముందే తేల్చుకోవాలి. అలవాటైతే "ఐ థాట్ హి ఏట్ మీట్." ఈ పూట సంగతైతే "ఐ థాట్ హి వుడ్ ఈట్ మీట్." చుట్టానికి వేటకూర వండి పెట్టి, తీరా ఆయన ముట్టడని తెలిశాక క్షమాపణ చెప్పాలంటే మొదటిదే వాడాలి.

బయటి క్రియ వర్తమానంలో ఉంటే ఈ బాధేమీ లేదు. "ఐ థింక్ హి వాజ్ ఎ డాక్టర్" అంటే ఇప్పుడు అనుకుంటున్నాను, ఆయన అప్పట్లో డాక్టరని. లోపల ఏ కాలమైనా పెట్టుకోవచ్చు.

వెనక్కి జరపకపోయినా చెల్లే చోటు ఒకటుంది. లోపలి సంగతి ఇప్పటికీ నిజమై, దానికి చెప్పేవాడు పూచీ పడితే వర్తమానం ఉంచొచ్చు. భూమి గుండ్రంగా ఉందని ప్రాచీన గ్రీకు పండితులకు తెలుసు: "దే న్యూ దట్ ద అర్త్ ఈజ్ రౌండ్." "వాజ్" అన్నా తప్పు లేదు. కాని సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడని ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ నమ్మాడు అన్నప్పుడు "టాలెమీ బిలీవ్డ్ దట్ ద సన్ వెంట్ రౌండ్ ద అర్త్" అనే అంటారు. "గోజ్" అంటే ఆ పొరపాటుకు మనమూ వత్తాసు పలికినట్టు అవుతుంది.

ఈ "ఐ థాట్" వాక్యాన్ని పలికే తీరులో ఒక చమత్కారముంది. వ్యాకరణ పుస్తకంలో అక్షరాలు ఒకటే, నోట్లో అర్థాలు రెండు. "ఐ థాట్ హి వాజ్ మ్యారీడ్" అన్నప్పుడు "థాట్" మీద బరువు వేసి దించేస్తే "నేననుకుంటూనే ఉన్నాను, పెళ్లయిందని" అని అర్థం. ఊహ నిజమైంది. "మ్యారీడ్" మీద బరువు వేసి గొంతు చివర్లో కాస్త పైకి లేపితే "పెళ్లయిందనుకున్నానే!" అని అర్థం. ఊహ తప్పింది. మనం దీన్ని "-ఏ"తో, మాటల వరసతో తేలుస్తాం. వాళ్లు గొంతుతోనే తేలుస్తారు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ తేడా వినపడకపోతే శుభాకాంక్షలు చెప్పాలో ఓదార్చాలో తెలియదు.

మూడో మెట్టు: మనిషిని మార్చండి

"తను గెలుస్తానని లక్ష్మి అనుకుంది." కర్త "తను", క్రియ చివర మాత్రం "నేను"కు సరిపడే "-ను". లక్ష్మి మనసులో మాట "నేను గెలుస్తాను" కదా, దాని తోక అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషులో ఆ తోక పూర్తిగా తెగిపోవాలి: "లక్ష్మి థాట్ షి వుడ్ విన్." "లక్ష్మి థాట్ ఐ విల్ విన్" అంటే గెలిచేది నేనన్న మాట, ఆవిడ కాదు. కాలం, మనిషి రెండూ కలిసే మారతాయి కాబట్టి ఒకటి సరిచూసినప్పుడు రెండోదీ చూసుకోండి.

నాలుగో మెట్టు: "కాదు"ను ముందుకు లాగండి

"అతను రాడనుకుంటా." కాదన్న మాట లోపలుంది. దీన్ని "ఐ థింక్ హి వోంట్ కమ్" అంటే వ్యాకరణం తప్పదు గాని, మామూలుగా అనేది "ఐ డోంట్ థింక్ హి విల్ కమ్." తర్కం ప్రకారం చూస్తే వింతే. నేను అనుకోకపోవడం లేదు, అతను రాకపోవడం గురించి అనుకుంటున్నాను. డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ 1917లోనే దీన్ని పట్టుకున్నాడు. లోపలి వాక్యానికి చెందాల్సిన "కాదు"ను బయటి క్రియ తన వైపు లాక్కునే గుణం చాలా భాషల్లో ఉందన్నాడు. మనకూ లేకపోలేదు. "వస్తాడనుకోను" అంటే ఎవరికైనా "రాడని నా ఊహ" అనే అర్థమవుతుంది. మనకది ఉన్న రెండు దారుల్లో ఒకటి. వాళ్లకు అదే రాజమార్గం.

ఇలా లాగే క్రియలు కొన్నే: "థింక్, బిలీవ్, సపోజ్, ఎక్స్‌పెక్ట్, ఇమాజిన్." "హోప్" లాగదు. వర్షం రాకూడదని ఆశపడుతున్నానంటే "ఐ హోప్ ఇట్ డజంట్ రెయిన్." "ఐ డోంట్ హోప్" అని ఎవరూ అనరు. "తెలుసు" అనే అర్థంలో వచ్చే "నో" కూడా లాగదు. "ఐ నో హి ఈజంట్ దేర్" వేరు, "ఐ డోంట్ నో" వేరు.

"కాదు" ముందుకెళ్లాక లోపల "ఎవరూ, ఏమీ" అనే మాటలు రూపు మార్చుకుంటాయి. "ఎవరూ రాలేదనుకుంటా" అన్నదానికి "ఐ డోంట్ థింక్ ఎనీవన్ కేమ్." "నోవన్" కాదు. రెండు కాదులు పడితే అర్థం తిరగబడుతుంది. చివర్లో "కదూ" తగిలించాలన్నా లోపలి వాక్యాన్నే పట్టుకోవాలి: "ఐ డోంట్ థింక్ హి విల్ కమ్, విల్ హి?" అక్కడ "డు ఐ" అంటే నవ్వుతారు.

ఐదో మెట్టు: ప్రశ్నమాట ఎక్కడుండాలి

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి:

"రవి ఎక్కడున్నాడనుకుంటున్నావు?"
"రవి ఎక్కడున్నాడో తెలుసా?"

మొదటిదానికి జవాబు ఒక చోటు: ఇంట్లో, ఆఫీసులో. రెండోదానికి జవాబు తెలుసు, తెలియదు. ఇంగ్లీషులో చోటు అడిగే ప్రశ్నలో "వేర్" మొత్తం వాక్యానికి ముందుకొస్తుంది: "వేర్ డు యు థింక్ రవి ఈజ్?" రెండోదాంట్లో లోపలే ఉంటుంది: "డు యు నో వేర్ రవి ఈజ్?" "డు యు థింక్ వేర్ రవి ఈజ్" అన్నది తెలుగు వరస ఇంగ్లీషు బట్టలు కట్టుకున్న వాక్యం.

మన చేతిలో ఒక గుర్తు ఉంది. ప్రశ్నమాట ఉన్న ఉపవాక్యానికి "-ఓ" వచ్చిందా, "అని" వచ్చిందా చూడండి. "ఎక్కడున్నాడో, ఎప్పుడొస్తుందో, ఎవరు గెలుస్తారో" అని "-ఓ" ఉంటే ప్రశ్నమాటను కదపకండి. "ఎక్కడున్నాడని, ఎవరు గెలుస్తారని" అంటూ ఎదుటివాణ్ణి అడుగుతుంటే ప్రశ్నమాటను మొదటికి తెండి. "-ఓ" తెలియడం, తెలియకపోవడం, గుర్తుండడంతో చక్కగా కుదురుతుంది. "ఎక్కడున్నాడో అనుకుంటున్నావు" అని ఎవరూ అనరు. కాబట్టి తెలుగులో ఏ మాట నోటికి సహజంగా వస్తుందో అదే దారి చూపిస్తుంది.

రెండు దారుల్లోనూ లోపలి వాక్యం తిన్నగా ఉంటుంది. "రవి ఈజ్", "ఈజ్ రవి" కాదు. "ఐ డోంట్ నో వాట్ ఈజ్ హిస్ నేమ్" అని బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా వస్తుంటుంది. "వాట్ హిస్ నేమ్ ఈజ్" అనాలి.

కర్త గురించే అడుగుతుంటే "దట్"ను తప్పక తీసేయాలి. "ఎవరు గెలుస్తారనుకుంటున్నావు?" అన్నదానికి "హూ డు యు థింక్ విల్ విన్?" అక్కడ "దట్ విల్ విన్" అన్నామంటే ఇంగ్లీషు చెవికి ముల్లు గుచ్చుకున్నట్టే. మొదటి మెట్టులో "దట్" మన ఇష్టం అనుకున్నాం, ఇక్కడ ఇష్టం లేదు.

అవును-కాదు ప్రశ్న లోపలుంటే "ఇఫ్" గాని "వెదర్" గాని. "వస్తాడో రాడో తెలియదు" అంటే "ఐ డోంట్ నో వెదర్ హి విల్ కమ్." మన జంట మాటను చూసి "హి విల్ కమ్ ఆర్ హి విల్ నాట్ కమ్" అని సాగదీయక్కర్లేదు. కావాలంటే చివర "ఆర్ నాట్" చాలు.

ఆరో మెట్టు: అనుమానాన్ని రెండుగా చీల్చండి

అన్ని మెట్లలో ప్రమాదకరమైనది ఇదే. మిగతావి తప్పితే వినేవాడు సర్దుకుంటాడు, ఇది తప్పితే అర్థం తలకిందులవుతుంది.

కొట్లో గల్లాపెట్టె లెక్క తేడా వచ్చింది. యజమాని అంటాడు, "క్యాషియరే తీశాడని నా అనుమానం." తీశాడన్న వైపే ఆయన మొగ్గు. ఇక "ఈ పాపం క్యాషియర్ చేశాడా అన్నది అనుమానమే" అంటే మొగ్గు తీయలేదన్న వైపు. తెలుగులో ఒకే "అనుమానం" రెండువైపులా మొగ్గుతుంది, "అని" వచ్చిందా "-ఆ" వచ్చిందా అన్నదాన్ని బట్టి. ఇంగ్లీషులో రెండు వేరే క్రియలు. మొదటిదానికి "సస్పెక్ట్", రెండోదానికి "డౌట్".

ఇప్పుడు యజమాని ఫిర్యాదులో "ఐ డౌట్ దట్ ద క్యాషియర్ టుక్ ద మనీ" అని రాశాడనుకోండి. చదివేవాడికి అర్థమయ్యేది, క్యాషియర్ తీసి ఉండడని ఈయన ఉద్దేశం. ఇరికించబోయి కాపాడాడు. "ఐ సస్పెక్ట్ ద క్యాషియర్ టుక్ ద మనీ" అని రాయాలి.

గుర్తుకు ఇలా పెట్టుకోండి. "అని నా అనుమానం" అంటే "సస్పెక్ట్". "-ఆ అన్నది అనుమానమే" అంటే "డౌట్". "వస్తాడా అన్నది అనుమానమే" అన్నదానికి "ఐ డౌట్ ఇఫ్ హి విల్ కమ్" గాని, "వెదర్" పెట్టి గాని, ఏమీ పెట్టకుండా గాని చెప్పొచ్చు. "డౌట్"కు ముందు "కాదు" చేరితే మాత్రం "దట్" వైపు వెళ్లండి: "ఐ డోంట్ డౌట్ దట్ హి ఈజ్ సిన్సియర్."

తెలుగులోకి వచ్చి స్థిరపడ్డ "డౌట్" వేరే సరుకు. "నాకో డౌట్ సార్" అంటే మనకు ప్రశ్న. తెలుగు మాటగా దానికి ఏ వంకా లేదు, క్లాసులో హాయిగా వాడుకోండి. ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు మాత్రం "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మీరు చెప్పింది నమ్మడం లేదన్న వాసన కొడుతుంది.

ఏడో మెట్టు: "సంగతి" పరీక్ష

"వాళ్ల నాన్న పొలం అమ్మిన సంగతి వాడికి తెలియదు." పొలం అమ్ముడైపోయింది, అనుమానం లేదు. "వాళ్ల నాన్న పొలం అమ్మాడని వాడు అనుకోవడం లేదు." అమ్మాడో లేదో ఈ వాక్యం చెప్పదు. ఇంగ్లీషులోనూ అంతే. "హి డజంట్ నో" అన్నప్పుడు అమ్మకం నిజంగా మిగిలిపోతుంది, "హి డజంట్ థింక్" అన్నప్పుడు మిగలదు. ఈ రెండు జాతుల క్రియలను విడదీసి చూపిన వ్యాసం 1970లో భాషావేత్తలు పాల్ కిపార్స్కీ, కరోల్ కిపార్స్కీ రాశారు. అది ఆ రంగంలో పాఠ్యాంశమైంది. మనకు అంత దూరం అక్కర్లేదు. ఉపవాక్యం తర్వాత "సంగతి" అన్న మాట పెట్టి చూడండి. కుదిరితే ఆ క్రియ నిజాన్ని మోస్తోంది: తెలియడం, గుర్తుండడం, మర్చిపోవడం, గమనించడం. "నో, రిమెంబర్, ఫర్గెట్, నోటిస్, రియలైజ్." కుదరకపోతే అది ఊహ జాతి. "అమ్మిన సంగతి అనుకుంటున్నాను" అనలేం కదా.

దీని ఉపయోగం ఆఫీసు ఉత్తరాల్లో తెలుస్తుంది. "యు డు నాట్ రియలైజ్ దట్ ద బిల్ ఈజ్ రాంగ్" అని రాస్తే బిల్లు తప్పని మీరే తీర్పు చెప్పేశారు. ఇంకా తేలని విషయమైతే ఊహ జాతి క్రియ వాడాలి: "వి బిలీవ్ ద బిల్ ఈజ్ రాంగ్."

ఎనిమిదో మెట్టు: "అనుకుంటున్నాను" చూసి మోసపోకండి

"మంచివాడనుకుంటున్నాను" అనగానే "-తున్నాను" కనిపించి "ఐ యామ్ థింకింగ్ దట్ హి ఈజ్ గుడ్" అనేస్తాం. అభిప్రాయం చెప్పేటప్పుడు "ఐ థింక్" చాలు. "బిలీవింగ్, నోయింగ్, సపోజింగ్" కూడా ఇలాంటి చోట రావు. "థింకింగ్" వచ్చే చోటు మన "-ఆలనుకుంటున్నాను." "ఇల్లు కొనాలనుకుంటున్నాను" అంటే "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ బయింగ్ ఎ హౌస్." అక్కడ ఉన్నది నమ్మకం కాదు, సంకల్పం. "ఐ థింక్ టు బై" అని ఆ అర్థంలో అనరు.

"నాకనిపిస్తోంది" అన్నదానికి "ఇట్ సీమ్స్ టు మి" గాని "ఐ ఫీల్" గాని వాడొచ్చు. పాత ఇంగ్లీషులో మనలాగే అనుకోవడానికొకటి, అనిపించడానికొకటి రెండు క్రియలుండేవి. రెండోదానికి కర్త ఉండేది కాదు, "నాకు" అన్న రూపమే. రానురాను ఉచ్చారణలో కలిసిపోయి ఒక్కటే మిగిలింది. నాటకాల్లో కనిపించే "మీథింక్స్" ఆ పోయిన క్రియ తాలూకు ముక్క. అచ్చంగా "నాకనిపిస్తోంది" అన్నమాట.

"అనుకో" అన్న ఆజ్ఞకు మాత్రం వాళ్ల దగ్గర అచ్చమైన జోడీ ఉంది. "వర్షం వచ్చిందనుకో" అంటే "సపోజ్ ఇట్ రెయిన్స్." "సపోజ్ ఇఫ్" అని రెండూ కలపకండి, ఒకటే చాలు.

తొమ్మిదో మెట్టు: "బిలీవ్" మూడు రకాలు

మనిషి మాట నమ్మితే "ఐ బిలీవ్ యు." దేవుణ్ణో ఒక సిద్ధాంతాన్నో నమ్మితే "ఐ బిలీవ్ ఇన్ గాడ్." వాక్యం వస్తే "ఇన్" పోతుంది: "ఐ బిలీవ్ దట్..." ఇంగ్లీషులో "ఇన్, అబౌట్" లాంటి విభక్తి మాట వెనక మామూలుగా నేరుగా "దట్" వాక్యం అతకదు. అందుకే "ఐ యామ్ ష్యూర్ అబౌట్ దట్ హి విల్ పాస్" చెల్లదు, "ఐ యామ్ ష్యూర్ హి విల్ పాస్" అనాలి.

"ఐ బిలీవ్ ద ఆఫీస్ క్లోజెస్ ఎట్ ఫైవ్" అన్నప్పుడు అక్కడ భక్తి, విశ్వాసం ఏమీ లేవు. "అయిదింటికి మూస్తారనుకుంటా" అని మర్యాదగా చెప్పడమే. "నమ్ముతున్నాను" అని తెలుగు చేస్తే నవ్వొస్తుంది. "ఐ కాంట్ బిలీవ్ హి సోల్డ్ ఇట్" అంటే అమ్మేశాడని తెలుసు, ఆశ్చర్యంగా ఉందని.

పదో మెట్టు: ఒక్కమాట జవాబులు

"వస్తాడా?" అంటే "ఐ థింక్ సో." కాదనడానికి "ఐ డోంట్ థింక్ సో." ఆశకు "ఐ హోప్ సో", కాదనాలంటే "ఐ హోప్ నాట్." చెడువార్త ఒప్పుకోవాలంటే "ఐ యామ్ అఫ్రెయిడ్ సో", ఇవ్వలేను, కుదరదు అనాలంటే "ఐ యామ్ అఫ్రెయిడ్ నాట్." ఇందులో భయమేమీ లేదు, మర్యాదే. "ఐ నో సో" లేదు, "ఐ నో" చాలు.

చివరి మెట్టు: వాక్యాన్ని కొస నుంచి ఊడదీయడం

పత్రికల్లో "నిందితుడు పారిపోయినట్లు భావిస్తున్నారు" అని రోజూ చదువుతాం. భావిస్తున్నదెవరో లేరు. ఇంగ్లీషులో దీనికి "ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్ ద అక్యూజ్డ్ హాజ్ ఫ్లెడ్" అని ఒకటి, నిందితుణ్ణే కర్త స్థానంలో కూర్చోబెట్టి "ద అక్యూజ్డ్ ఈజ్ బిలీవ్డ్ టు హ్యావ్ ఫ్లెడ్" అని ఇంకొకటి. వార్తల్లో రెండోది గట్టిగా, పొట్టిగా ఉంటుంది. ఇంకా జరుగుతున్నదైతే "టు బి హైడింగ్", జరిగిపోయిందైతే "టు హ్యావ్". "టు ఫ్లెడ్" అని రాయకండి.

ఇక ఒకదాంట్లో ఒకటి దూరిన వాక్యాలు. "వాళ్ల నాన్న ఇల్లు అమ్మేశాడని వాడికి తెలుసనుకోలేదు నేను." భయపడక్కర్లేదు. చివరి నుంచి ఒక్కో క్రియా ఊడదీస్తూ రండి. అన్నిటికన్నా కొసనున్నది "అనుకోలేదు నేను": "ఐ డిడంట్ థింక్." దాని ముందు "వాడికి తెలుసు". బయటి క్రియ గతం కాబట్టి వెనక్కి జరిపితే "హి న్యూ." అన్నిటికన్నా లోపల "అమ్మేశాడు". అది వాడికి తెలియడం కన్నా ముందే జరిగింది, ఇంకో అడుగు వెనక్కి: "హిస్ ఫాదర్ హ్యాడ్ సోల్డ్ ద హౌస్." అన్నీ వరసగా పెడితే "ఐ డిడంట్ థింక్ హి న్యూ హిస్ ఫాదర్ హ్యాడ్ సోల్డ్ ద హౌస్." ఎక్కడా "దట్" అవసరం రాలేదు. మూడు క్రియలూ తెలుగు వరసకు సరిగ్గా తిరగబడి వచ్చాయి. "నో" లోపలుంది కాబట్టి, నేను ఏమనుకున్నా అనుకోకపోయినా, ఇల్లు మాత్రం అమ్ముడైపోయింది.